హద్దు కర్రలు నిలబెట్టిన బందీలు

మా ఆయన్ని ఎగువలంక వాళ్ళు బందీగా పట్టుకున్న మర్నాడే నాకు నొప్పులొచ్చి, ఏలూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆయన పేరు నాగరాజు. మాది దిగువలంక. రెండూ కొల్లేట్లో ఎదురెదురు ఊళ్ళు. మధ్య నీళ్ళలో పాతిన వెదురు కర్రల వరుసే హద్దు, ఆ హద్దు గురించే యుద్ధం. నవ్వకండి, మా పెద్దలు ఆ మాటే వాడతారు. కొట్టుకుపోయిన వల కోసం పడవ మీద కర్రలు దాటినందుకు మా ఆయన్నీ, చినమామయ్య జోగయ్యనూ పట్టుకుని, కర్రల అవతల దిబ్బ మీదున్న కాపలా పాకలో పెట్టారు.

విడుదల పెద్ద కష్టమేమీ కాదు. ‘హద్దు మీదే, తప్పు మాదే’ అని పెద్దల ముందు ఒక్కసారి అంటే ఆ పూటే పంపేస్తామన్నారు. మా ఆయన ససేమిరా అన్నారు. ఫోన్ కూడా లాక్కోలేదు వాళ్ళు. కాపలా ఉన్న క్రాంతి కుమార్ తన ఛార్జర్ కూడా ఇచ్చేవాడు. రోజూ సాయంత్రం వీడియోలో పిల్లను చూపించి, ఆ ముక్క అనేసి వచ్చేయమని బతిమాలేదాన్ని. ఊరి పరువు అనేవారు. ఊరి పరువు తెల్లవార్లూ లేచి ఏడవదు, పిల్ల ఏడుస్తుంది అని ఫోన్ పెట్టేసేదాన్ని.

ఒకసారి కైకలూరు నుంచి పోలీసులు కూడా వెళ్ళారు. మీరు బందీలా అని అడిగితే, చుట్టపుచూపుగా వచ్చామండీ అని చినమామయ్య చెప్పారట. యుద్ధంలోకి పోలీసుల్ని లాగిన ఊరికి హద్దు మీద మాట ఉండదని రెండూళ్ళ కట్టుబాటు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

బందీలకు వేసిన శిక్ష ఇంకా గొప్పది. గాలికి, గుర్రపుడెక్క తోపుడుకి వాలిపోయే హద్దు కర్రల్ని రోజూ వాళ్ళే నిలబెట్టాలి. శత్రువుల హద్దును తమ చేతులతో నిలబెడుతుంటే సిగ్గేసి దారికొస్తారని ఎగువలంక పెద్దల తెలివి.

మావాళ్ళ తెలివి దాన్ని మించింది. మొదట్లో వాళ్ళు పెట్టిన కొర్రమీను పులుసు ఎంత బాగున్నా ముఖం చిట్లించి తిన్నారట, అదే తిరుగుబాటు. తర్వాత కర్రల మీద పడ్డారు. వాలిన కర్రను నిలబెట్టే నెపంతో ఎగువలంక వైపు జానెడు జరిపి పాతడం, మర్నాడు మరో జానెడు. క్రాంతి కుమార్ దిబ్బ మీద కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తూ, బాగా లోతుగా పాతండి బాబాయ్ అని హెచ్చరించేవాడట. పెద్దలు లేకుండా కర్ర కదపకూడదని అమ్మవారి మీద ఒట్టు ఉంది కదండీ అని నేను భయపడితే, నిలబెట్టమన్నది వాళ్ళే కదా అన్నారు మా ఆయన.

“పారిపోవడం పిరికితనం సత్యా. మన ఊరినే ఇక్కడికి తెస్తున్నాను,” అన్నారు గుసగుసగా.

ఆ రోజే పిల్ల మొదటిసారి బోర్లాపడింది. చూపిద్దామని ఫోన్ అటు తిప్పాను. ఆయన కర్రల గురించే చెబుతున్నారు. కోపంతో ఏడుపొచ్చింది నాకు.

వానలకు ముందు రెండూళ్ళ పెద్దలూ పడవల్లో వెళ్ళి హద్దు చూసి రావడం ఆనవాయితీ. పిల్లను చంకనేసుకుని నేనూ మావాళ్ళ పడవెక్కాను. వెళ్ళి చూస్తే కర్రల వరుస దిబ్బకు అవతల ఉంది. పాకతో సహా దిబ్బంతా మా వైపే ఉంది. ఎగువలంక పెద్దలు అటు చూశారు, ఇటు చూశారు. కర్రల్ని అనుమానిస్తే అమ్మవారి ఒట్టును అనుమానించినట్టే. చాలాసేపు మాట్లాడుకుని, కర్రలు కదలవు కాబట్టి దిబ్బే నడిచొచ్చి ఉంటుందని తేల్చారు. కొల్లేట్లో ఏదైనా జరుగుతుందని మావాళ్ళూ గంభీరంగా తలలూపారు.

అంటే మా ఆయనా, చినమామయ్యా సొంతూళ్ళోనే ఉన్నట్టు. కాపలా కర్ర పట్టుకుని మా ఊళ్ళో నిలబడ్డ క్రాంతి కుమార్ బందీ. మా పెద్దలు మీసాలు దువ్వుకుని, అదే షరతు వాడికీ పెట్టారు. మా ఆయన ఛాతీ విరుచుకుని ముందుకొచ్చారు. ఇన్నాళ్ళ కష్టం ఫలించే ఘడియ మరి.

“హద్దు మీదేనండి, తప్పు మాదేనండి,” అన్నాడు క్రాంతి కుమార్. “మా అమ్మ అన్నం తినకుండా ఎదురుచూస్తుంటుందండి, వెళ్ళొస్తానండి.”

ఛార్జర్ జేబులో పెట్టుకుని వాళ్ళ పడవెక్కాడు. ఎవరూ వాణ్ణి తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. జాగ్రత్తగా కూర్చోరా అని వాళ్ళ పెద్దాయన చెయ్యందించాడు. పడవ వెళ్ళిపోయింది.

మా ఆయన దిబ్బ అంచుదాకా వెళ్ళి అటే చూశారు.

“అంతేనా సత్యా? వాడికేమీ అవలేదు,” అన్నారు.

“ఏమవుతుందండీ,” అన్నాను.

పిల్లను అందించాను. అది ఆయన గడ్డం వంకా, ఎండకు మాడిన ముఖం వంకా కాసేపు చూసి, ఎవరో పరాయివాడు ఎత్తుకున్నాడని గుక్కపట్టి ఏడ్చింది.