ముప్పై అయిదు నిమిషాల ఖాళీ

ఎంటర్ కొట్టి కుర్చీలో వెనక్కి వాలి, చిటికెన వేలు చెవిలో తిప్పుకున్నాడు కత్తెర. నల్లటి తెర మీద తెల్ల అంకెలు పరుగెడుతున్నాయి. లెక్కల మాస్టారి గంట పాఠం నలభై నిమిషాలకు దిగుతోంది. మాస్టారు నీళ్ళు తాగడం, బోర్డు తుడవడం, మాట కోసం తడుముకోవడం అన్నీ పోతున్నాయి. ఆగి ఆగి మాట్లాడేవాళ్ళంతా తెలివితక్కువ దద్దమ్మలని అతని నమ్మకం.

ఆ ఆఫీసులో పాఠాల వీడియోలు సరిచేసేవాళ్ళు పదకొండు మంది. పదిమంది మౌసు పట్టుకుని బొమ్మలు చూసుకుంటూ చేస్తారు. ఇతనొక్కడే ఆదేశాలు టైపు చేస్తాడు. మౌసును సొరుగులో పెట్టి తాళం వేశాడు కూడా. వాళ్ళను చూస్తే ఇతనికి అసహ్యం, ఇతన్ని చూస్తే వాళ్ళకు నవ్వు. కత్తెర అన్నది వాళ్ళు వెనకాల పెట్టిన పేరు. అది బిరుదనుకున్నాడు పాపం. పాపం అనడం కూడా ఎక్కువే.

వంగిన వీపు, మోచేతుల దగ్గర అరిగి మెరిసే చొక్కా, ఎప్పుడూ చిట్లించే ముక్కు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అతను సాధించిందల్లా ఒక్క ఆదేశాల చిట్టా. దానికి ఫైలు అప్పగిస్తే మాటలు లేని చోటల్లా కోసేసి, మిగిలినదాన్ని పాతదాని స్థానంలోనే పెడుతుంది. పాతది ఇక ఉండదు. "చెరిపెయ్యమంటారా?" అని యంత్రం అడిగే ప్రశ్నను కూడా అతను తీసేశాడు.

"ప్రశ్నలెయ్యడానికి ఇంట్లో ఒక మనిషి ఉందిగా, ఇది కూడా ఎందుకు?" అన్నాడు పక్క సీటతనితో. పక్క సీటతను నవ్వలేదు.

ఆ మనిషి అతని భార్య. ఆ పొద్దున కాగితం పొట్లంలో ఒక మెమరీ కార్డు పెట్టి అతని జేబులో వేసింది. నిరుడు పోయిన వాళ్ళమ్మ మంచం పక్కన కూర్చుని చేసుకున్న రికార్డింగు అందులో ఉంది. రికార్డు చేసిన పాత ఫోను పాడైపోయింది. ఉన్నది ఈ కార్డొక్కటే.

"ఇంకోచోట కాపీ పెట్టండి చాలు. ఇంకేం చెయ్యొద్దు."

"కాపీ చెయ్యడానికి నేను కావాలా? ఎవడైనా చేస్తాడు."

"ఎవడైనా చేసేదే చెయ్యండి," అంది.

భోజనాల వేళ కార్డు పెట్టి చూశాడు. నలభై ఒక్క నిమిషాలు. పది సెకన్లు విన్నాడు. ఫ్యాను హోరు, ముసలి ఆయాసం. చెత్త అనుకున్నాడు. ఉత్త కాపీ చెయ్యడానికి ఆ మహానుభావుడికి చేతులు రాలేదు. కార్డు మీదే చిట్టా నడిపి ఎంటర్ కొట్టాడు. ఆరు నిమిషాల ముక్క మిగిలింది. దాన్ని మాత్రం శ్రద్ధగా రెండు చోట్ల కాపీ పెట్టాడు.

సాయంత్రం ఆమె కార్డును కొత్త ఫోనులో పెట్టుకుని, వంటగదిలో స్టూలు మీద కూర్చుని వింది. తిన్నావా, దిండు జరుపు, లైటు ఉండనీ, నువ్వు పడుకో. అమ్మ ఎవరో తరుముతున్నట్టు గబగబా చెప్పేస్తోంది. అమ్మ బతికుండగా ఏనాడూ అలా మాట్లాడలేదు.

"మిగతాదేదండీ?"

"మిగతాదేముంది, ముప్పై అయిదు నిమిషాలు ఖాళీ. తీసేశాను. ఇప్పుడు ప్రతి మాటా ఎంత స్పష్టంగా ఉందో చూడు."

"అసలుది?"

"ఇదే అసలుది."

ఆమె ఫోను ఆపేసింది.

"అందులో అమ్మ ఊపిరి ఉంది. రోజూ అది వింటేనే నాకు నిద్ర పట్టేది. పక్కనే పడుకుంటారు, ఎప్పుడూ గమనించలేదా?"

గమనించలేదు. "ఊపిరిదేముంది, అందరూ పీలుస్తారు. మాట ముఖ్యం," అన్నాడు. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆమె అరవలేదు. బట్టలు సర్దుకుంది. కార్డు తీసుకుంది. "అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఇక రాను," అని గుమ్మంలోంచి చెప్పింది. అతను తెర మీంచి తల తిప్పకుండా ఊఁ కొట్టాడు. ఆకలేసి లేచినప్పుడు గానీ ఇంట్లో మనిషి లేదని అతనికి తెలియలేదు.

కీబోర్డు పక్కన, ఇంటికొచ్చి అతను జేబులోంచి తీసి పడేసిన ఆ పొట్లం కాగితం మడతలు విప్పి ఉంది. పొద్దుట్నుంచీ అతను చదవని ఆమె గుండ్రటి అక్షరాలు దాని మీద పైకే కనిపిస్తున్నాయి: అమ్మ, 41 నిమిషాలు.