పీకడం మాత్రం ఉచితం

నేను ఒక పటకారును. మేకులు లాగే రకాన్ని కాదు, పళ్ళు పీకే రకాన్ని. ‘పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం’ అని మీరో సామెత పుట్టించి నన్ను రాళ్ళలో కలిపేశారు గానీ, నాది మేలైన ఉక్కు. ఉత్తరాదిలో ఎక్కడో కొలిమిలో కాలి, సానపట్టించుకుని, మీ పై ఎదర పళ్ళకు సరిపోయేలా మూతి తీర్పించుకుని వచ్చాను. నన్ను చూడగానే మీరు కళ్ళు మూసుకుంటారు. అదీ అలవాటైపోయింది.

నన్ను మొదట కొన్నది గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో ప్రైవేటు పళ్ళ డాక్టరు. ఆయన దగ్గర నాకు పనే ఉండేది కాదు. పుచ్చిన పన్నును తొలిచి, లోపల శుభ్రం చేసి, పైన తొడుగు వేసి బతికించేవాడు. పన్ను బతికితే ఆయనా బతుకుతాడు. నేను అద్దాల బీరువాలో దర్జాగా పడి ఉండేదాన్ని. కొత్త సామాను కొన్నాక నన్నూ, ఒక పాత కుర్చీనీ సర్కారు ఆసుపత్రికి దానమిచ్చి పేపర్లో ఫోటో వేయించుకున్నాడు. ఫోటోలో కుర్చీ పడింది, నేను పడలేదు.

సర్కారు ఆసుపత్రిలో నా దశ తిరిగింది. అక్కడి పళ్ళ డాక్టరు మణిమాల గారికి పన్ను నిలబెట్టడం బాగానే వచ్చు. వచ్చి ఏం లాభం? తొలిచే మిషను వచ్చింది గానీ దాన్ని తిప్పే గాలి మోటారు రాలేదు. కవరైనా విప్పకుండా ఏటా దసరాకి ఆ మిషనుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు. పూజలు దానికి, పని నాకు. ఆఫీసుల్లో ఇది మామూలే కదా.

అలాంటి చోటికి త్రిమూర్తులు వచ్చాడు. సన్నాయి విద్వాంసుడు. చుట్టుపక్కల ఊళ్ళలో అతని సన్నాయి మోగనిదే తాళి కట్టించరు. పై ఎదర పళ్ళు రెండూ పుచ్చిపోయి, భార్య మంగతాయారును వెంటబెట్టుకుని వచ్చాడు. ట్రేలో నన్ను చూసి టక్కున నోరు మూసేశాడు.

“పీకకండి అమ్మా,” అన్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని. “ఎదర పళ్ళ ఆసరా లేపోతే పెదవి నిలబడదండి, సన్నాయి పలకదండి. నా కూడు ఆటి మీదే ఉందండి.”

“రూట్ కెనాల్ చేస్తే నిలబడతాయి త్రిమూర్తులు గారూ. ఇక్కడ కుదరదు, బయట డబ్బు పెట్టి చేయించుకోవాలి.”

మంగతాయారు సంచీలోంచి సర్కారు వారి ఆరోగ్య కార్డు తీసింది. “ఇదుంది కదండీ. మా బావగారికి గుండెకి కూడా పనిచేసిందండి.”

“గుండెకు ఉందమ్మా. పంటికి లేదు.”

“మరి ఈ నోట్లో దేనికుందండి?”

డాక్టరమ్మ కార్డు అందుకుని తిప్పి చూసింది. “చీము పైకి పాకి, మొహం వాచి, పెద్దాసుపత్రిలో చేర్చాల్సి వస్తే దవడ ఆపరేషనుకు ఉంది.”

“అంటే, వాచేదాకా కూకోమంటారా అండీ?”

ఆవిడ కార్డు తిరిగి ఇచ్చేసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. దవడ ఒంట్లో భాగమేనట. ఆ దవడలో పాతుకుపోయిన పన్ను మాత్రం చుట్టపుచూపుగా వచ్చిందట. ఈ లెక్క కట్టిన పెద్దమనుషులు అన్నం దేనితో నములుతారో నాకు తెలియదు.

అప్పటికి పెళ్ళిళ్ళు జోరుమీదున్నాయి. మేళం వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. తాంబూలం పుచ్చుకున్నాక ఆ పెళ్ళి వాయించి తీరాలి, మానేస్తే ఆ ఇంటికి అశుభం. త్రిమూర్తులు మూఢం వచ్చేదాకా తాంబూలాలు పుచ్చుకుని ఉన్నాడు. “మూఢం రానీండి, అప్పుడు చూసుకుందాం,” అని లవంగం అదిమిపెట్టి వెళ్ళిపోయాడు. చీముకు పంచాంగం తెలియదని అతనికి ఎవరూ చెప్పలేదు.

మూఢం ఇంకా రాకుండానే మొహం బూరెలా పొంగి ఒక కన్ను మూసుకుపోయింది. అప్పుడు లేచింది కార్డు! అంబులెన్సు వచ్చింది, స్కానింగు తీశారు, పెద్ద డాక్టర్లు వరుసకట్టి చూశారు. ఆపరేషను బాగానే చేశారు, ప్రాణం నిలబెట్టారు, కాదనను. గోటితో పోయేదానికి గొడ్డలి కావాలంటే మీ దగ్గర దివ్యమైన గొడ్డలి ఉంది. దవడ బాగుచేసి, పళ్ళు మాత్రం తమ విభాగం కాదని అతన్ని మళ్ళీ నా దగ్గరికే పంపారు.

పళ్ళు అప్పటికే వదులైపోయి ఉన్నాయి. పెద్దగా లాగకుండానే వచ్చేశాయి. ఎన్ని నోళ్ళు చూశానో, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆరోజు మాత్రం సిగ్గేసింది. మంగతాయారు కట్టుడు పళ్ళ సంగతి అడిగింది. “కట్టడం ఇక్కడ లేదమ్మా,” అంది డాక్టరమ్మ, ఆమె మొహంలోకి చూడకుండా.

కొన్నాళ్ళకు ఆరోగ్య కార్డు పథకం వార్షికోత్సవం వచ్చింది. మా గది ఎదుటే షామియానా వేశారు. మేళం త్రిమూర్తులుదే. కానీ సన్నాయి వేరొకరు వాయిస్తుంటే, అతను వెనక కూర్చుని తాళం వేస్తున్నాడు. ఆ ఏడు ఊళ్ళో కార్డు మీద అంత పెద్ద ఆపరేషను ఇంకెవరికీ జరగలేదు కాబట్టి వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఇతను విద్వాంసుడని ఎవరో, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దసారు చెవిలో వేశారు.

“అలాగా! ఏదీ, ఒక కీర్తన వినిపించండి,” అన్నాడు పెద్దసారు ముచ్చటగా.

సభ అడిగితే కాదనడం ఎరగని మనిషి. సన్నాయి అందుకుని, కళ్ళు మూసుకుని ఊదాడు. పెదవి లోపలికి పోయింది. స్వరం రాలేదు.

“మైకు దగ్గరగా పెట్టండయ్యా, వినపడ్డం లేదు!” అన్నాడు పెద్దసారు.

పెట్టారు. షామియానా అంతా ఉత్త గాలి వినపడింది. కాసేపటికి అతను సన్నాయి దించాడు. కీర్తన అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

అతను తిన్నగా మా గదిలోకి వచ్చాడు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టాడు.

“అమ్మా, ఇది ఎవరికి తిరిగిచ్చేత్తే పళ్ళు కడతారో కాస్త కనుక్కుని చెప్పండి,” అన్నాడు.

అతను వేళాకోళమాడలేదు, నిజంగానే అడిగాడు. నేను ట్రేలో నోరు తెరుచుకుని పడి ఉన్నాను. నాకు పీకడం ఒక్కటే వచ్చు.