మూత లోపలి పేరు

డబ్బాలో పుల్ల పెట్టి కలిపేసరికి పైన తేలిన నూనె తెల్లరంగులోకి దిగింది. డానియేలు పుల్లను అంచుకు గీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బేగంబజార్‌లో కొన్న రంగు. మంచిదేనా అని అడక్కముందే కొట్టువాడు మంచిదే అన్నాడు. అడక్కుండా చెప్పిన మాట డానియేలుకు ఎప్పుడూ రుచించదు. అందుకే పనికిరాని చెక్క మీద ఒక గీత గీసి, అది ఆరేదాకా ఆ డబ్బాను పక్కన పెట్టాడు.

కార్వాన్‌లో ఓ సందు మొదట్లో ఎల్లేష్ వడ్రంగి దుకాణం ఉంది. ముందు భాగంలో తలుపులు, కిటికీలు చేస్తారు. వెనక రేకుల కింద పెట్టెలు చేస్తారు. పెట్టెలంటే కిరస్తానీలు చనిపోతే పడుకోబెట్టే పెట్టెలు. శవమనే మాట ఆ దుకాణంలో ఎవరూ అనరు. కొయ్య పని ఎల్లేష్‌ది, అక్షరాల పని డానియేలుది. మూత మీద ఇంగ్లిషులో పేరు రాసి, దాని కింద శాంతితో విశ్రమించు అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లిషు మాటలూ పొల్లు పోకుండా రాయడంలోనే అతని తల నెరిసింది. సన్నటి మనిషి. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది. గోళ్ల కింద తెల్లరంగు ఎన్ని సబ్బులు అరిగినా పోదు.

అతని ఇంగ్లిషు పెద్దదేం కాదు. మిషన్ హాస్టల్లో ఏడో తరగతి దాకా నేర్చింది, ఆ తర్వాత పెట్టెల మీద రాసింది, అంతే. ఉన్నది కొంచెమే కాబట్టి దాన్ని ముక్కలు చేస్తే అతనికి ఒళ్లు మండుతుంది. మూడు మాటలకు బదులు ఆర్ ఐ పీ అని మూడు అక్షరాలు రాయమనే వాళ్లను అతను మనుషుల్లో జమకట్టడు. పోయినవాళ్ల కోసం మూడు మాటలు ఖర్చు పెట్టలేనివాడు బతికుండగా ఏం పెట్టి ఉంటాడు అని అతని అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. పోయినేడు ఒక మెసేజీ వచ్చింది. నాన్నకు పెట్టె, సాయంత్రానికి, నందు. అంతే ఉంది అందులో. డానియేలు మూత మీద నందు అని అందంగా రాసిపెట్టాడు. తీరా చూస్తే నందు కొడుకు. బతికున్న కొడుకు పేరు పెట్టె మీద చూసి ఆ తల్లి అక్కడికక్కడే కూలబడింది. ఆమె ఏడుపు డానియేలు చెవుల్లోంచి ఇంకా పోలేదు. అప్పట్నుంచీ ఒక నియమం పెట్టుకున్నాడు. ఇంటివాళ్లు ఎవరో ఒకరు నోటితో పేరు చెబితేగాని కుంచె తడపడు.

ఇంకో అలవాటు అంతకన్నా పాతది. ఇంట్ల ఏమని పిలుస్తరని అడిగి, ఆ ముద్దుపేరును మూత లోపల పెన్సిలుతో తెలుగులో రాస్తాడు. దాని మీద ఎల్లేష్ తెల్లగుడ్డ కొట్టేస్తాడు. ఇక ఆ పేరు లోపల పడుకున్నవాళ్లకే.

ఫోనులో మెసేజీ మోగింది. ఎల్లేష్‌కు ఇంగ్లిషు రాదు కాబట్టి దుకాణం బోర్డు మీద డానియేలు నంబరే వేయించాడు. డానియేలు కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. మాటల్లోంచి అచ్చులన్నీ ఎవరో ఏరి పారేసినట్టున్నాయి.

"ఏందే అన్నా?" అన్నాడు ఎల్లేష్ రంపం ఆపకుండా.

"పెట్టె కావాల్నంట. ఆడమనిషి, పొట్టి. పేరు మాణిక్యమ్మ. ఆర్ ఐ పీ రాయాల్నంట. ఇయ్యాల గానీ రేపు గానీ కావాల్నంట."

"అయితే రాయి."

"ఇయ్యాల గానీ రేపు గానీ ఏందిరా? పోయినామెకు గిట్ల ఉంటదా? మట్టి ఎప్పుడో చర్చి అయ్యగారు చెప్తరు, గంట చెప్తరు. గిదేమన్న గ్యాస్ బండనా?"

డానియేలు ఆ నంబరుకు ఫోను చేశాడు. రెండుసార్లు మోగి తెగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ తెగింది. వెంటనే మెసేజీ వచ్చింది. మాట్లాడలేనట. పేరు ఆశ్రిత అట, మనుమరాలట, సర్కారు దవాఖానలో ఆడవాళ్ల వార్డులో ఉందట. ఇదంతా కలిపి చీమలబారంత కూడా లేదు.

"చూసినవా? టైప్ చెయ్యనీకె చేతులున్నయి, మాట్లాడనీకె నోరు లేదు. ఇండ్ల ఏదో ఉన్నది."

"ఏముంటదే?"

"ముసలామె పేరు మీద ఇల్లుంటది. లేకపోతె ఎవడో పోరగాడు మజాక్ చేస్తుండు. నిప్పు లేంది పొగ వస్తదా?"

"నువ్వు పెట్టెలోడివా, పోలీసోడివా?" అని ఎల్లేష్ మేకు తీసుకుని పెట్టె అడుగు కొట్టసాగాడు. ఎందుకైనా మంచిదని అతను పొట్టి పెట్టె మొదలుపెట్టేశాడు. పేరు రాయకపోతే పెట్టె కదలదని ఇద్దరికీ తెలుసు. నిజంగానే ఒక ముసలామె అక్కడ ఉంటే, డానియేలు మొండితనానికి ఆమె పెట్టె లేకుండా పడి ఉంటుంది. నిజం కాకపోతే ఇంకో బతికున్న పేరు మూతకెక్కుతుంది. రెండో దానికే అతను ఎక్కువ భయపడ్డాడు.

అంతలో ఫోను మళ్లీ మోగింది. ఈసారి కూతురు సోనీ మెసేజీ. మందుల దుకాణంలో బిల్లులు కొట్టే పని ఆమెది. రోజూ ఆ వేళకు తిన్నవా అని ఇంగ్లిషులో అడుగుతుంది, అదీ నాలుగైదు అక్షరాల్లో. చిన్నప్పుడు చెక్కముక్కల మీద చేయి పట్టి ఆమెకు అక్షరాలు దిద్దించింది అతనే. నెల కింద ఆ మెసేజీ చూసి కోపమొచ్చి, మాటలు పూర్తిగా రాయడం ఎట్లాగో ఆమెకే పెద్ద ఉత్తరం లాంటిది పంపాడు. జవాబుగా కే అని ఒక్క అక్షరం వచ్చింది. ఓకేలో సగం. కన్నతండ్రికి సగం జవాబు. ఆనాటి నుంచి డానియేలు జవాబివ్వడం మానేశాడు. పిల్ల అడగడం మాత్రం మానలేదు. అలవాటు పడ్డ వేలు కొడుతోంది తప్ప మనసు పెట్టి అడగడం లేదని అతని నమ్మకం.

ఫోను జేబులో వేసుకుని దవాఖానకు బయలుదేరాడు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని వెంటబెట్టుకునే ఆటో ఎక్కాడు.

వార్డులో మూలమంచం దగ్గర ఆశ్రిత కనిపించింది. ఇరవై ఏళ్ల పిల్ల. జుట్టు రబ్బరుబ్యాండుతో ముడేసింది, కళ్ల కింద నలుపు. ఎడమచేతిని మంచం మీది మనిషి గట్టిగా పట్టుకుని ఉంది. కుడిచేతిలో ఫోను. డానియేలు చూపు మంచం మీదికి పోయింది. దుప్పటి కింద పొట్టిగా, ఎండిన కొమ్మలాంటి ముసలామె. ఆమె కళ్లు తెరిచి ఉన్నాయి. ఆ కళ్లు కదిలాయి.

మాణిక్యమ్మ బతికే ఉంది.

"ఎవరు నువ్వు?" అని అరవబోయినట్టు పిల్ల నోరు తెరిచి, అతని గోళ్ల కింది తెల్లరంగు చూసి మూసేసింది. బొటనవేలు ఒక్కటే ఫోను మీద గబగబా కదిలింది. డానియేలు జేబులో మోగింది. ఎదుటే నిలబడ్డ మనిషి పంపిన మెసేజీ తీసి చదువుకున్నాడు. ఆమెకు చెప్పకండి, ప్లీజ్. ఆ వెనకే ఇంకోటి. సాయంత్రం దాకా కూడా ఉండదని డాక్టరు చెప్పాడు. నాకెవరూ లేరు, అన్నీ నేనే చూడాలి. ఇంకోటి వచ్చింది. ఆమె ముందర నోటితో ఎట్లా చెప్పను?

అచ్చులు లేవు, చుక్కలు లేవు. అయినా ఈసారి డానియేలుకు ఒక్క మాట కూడా కూడబలుక్కోవలసిన అవసరం రాలేదు. ఒక చేయి అమ్మమ్మ పట్టులో ఉంది. మిగిలింది ఒక్క బొటనవేలు. దానితోనే పెట్టె అడిగింది, అయ్యగారిని అడిగింది, సమాధి చోటు అడిగింది, అంతా ఆ ముసలి చెవికి వినబడకుండా. తను ఇల్లనీ మజాకనీ అనుకున్నది గుర్తొచ్చి డానియేలుకు సిగ్గు ముంచుకొచ్చింది.

"వందనాలమ్మా. చర్చి సంఘం నుంచి వచ్చిన, చూసి పోదామని," అన్నాడు.

అదే సమయానికి నర్సు ఏదో మందు తెమ్మని చీటీ ఇచ్చింది. ఆశ్రిత చేయి విడిపించుకుని, ముసలామె చేతిని దుప్పటి మీద మెల్లగా పెట్టి, అతని వైపు బతిమాలుతున్నట్టు చూసి వెళ్లింది.

పిల్ల తలుపు దాటాక ముసలామె పెదాలు కదిలాయి.

"పెట్టెలోడివి కాదా నువ్వు?"

డానియేలు గోళ్లు కనబడకుండా పిడికిళ్లు ముడిచాడు.

"మా ఆయన పెట్టె మీద రాసింది నువ్వే గద. ఇంట్ల ఏమని పిలుస్తరని అడిగినవ్. గట్ల ఎవ్వలడుగుతరు? యాదుంది నాకు." ఊపిరి కూడదీసుకోవడానికి ఆగింది. "నన్ను అడగనీకె వచ్చినవా?"

అతను తల ఊపాడు.

"మా అమ్మ పిట్టా అంటుండె. మస్తు సన్నగుంటి. అమ్మ పోయినంక ఎవ్వలనలే." ఆమె నవ్వింది, లేక దగ్గింది. "నాకు ఎరుకైందని పోరికి చెప్పకు కొడుకా. నాకు తెల్వదనుకుని జర ధైర్యంగున్నది. తెలిస్తె ఏడుస్తది."

"చెప్పనమ్మా."

"ఉత్తచేతులతో పోకు." మంచం పక్క బల్ల మీద ఉన్న బత్తాయిని కళ్లతో చూపించింది. "తీస్కపో. నేనేం తింట?"

పట్టువదలని చూపు అది. బత్తాయి జేబులో వేసుకుని డానియేలు బయటికి వచ్చేటప్పుడు, మందు సీసాతో పరుగెత్తుకొస్తున్న ఆశ్రిత ఎదురైంది. అతను ఆమె తల మీద చేయి వేసి, "అన్నీ అయితయి బిడ్డా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఇంకేం చెప్పినా నోరు జారుతుందని భయపడ్డాడు.

దుకాణంలో ఎల్లేష్ మూత చిత్రిక పడుతున్నాడు. ఏమైందని అడిగితే డానియేలు బత్తాయిని మూత మీద పెట్టి కూర్చున్నాడు. చెక్క మీద పొద్దున గీసిన గీత ఎప్పుడో ఆరింది. రంగు మంచిదే. అయినా కుంచె తడపలేదు. ఆమె ఊపిరి తీస్తుండగా ఆమె పేరు రాయడం అతని చేత కాదు. తను ఎదురుచూస్తున్నది ఒక చావు కబురు కోసమని తెలిసి, రావద్దు రావద్దని ఫోను వైపు చూస్తూ ఉన్నాడు.

చూస్తూ చూస్తూ సోనీ మెసేజీ మీద పడింది చూపు. దుకాణం కౌంటరు దగ్గర నిలబడి, ఒక చేత్తో మందుల అట్టలు అందుకుంటూ, ఇంకో చేత్తో కొట్టి ఉంటుంది. నెల రోజులుగా జవాబు రాకపోయినా కొడుతూనే ఉంది. డానియేలు తిన్న, నువ్వు అని ఇంగ్లిషు అక్షరాల్లో, దొరికిన మేరకు కొట్టి పంపేశాడు. పాపం, తిన్నది మాత్రం అబద్ధం.

నిమిషం కాకముందే సోనీ ఫోను చేసింది. "బాపూ! ఏమైంది? పాణం బాగలేదా?"

"బాగనే ఉన్న. ఎందుకు?"

"గంత షార్ట్‌గ పెట్టినవేంది? నీ ఫోనుల ఎవలన్న కొట్టిండ్రేమోనని పరేషానైన."

అనుమానం ఆ ఇంటి ఆస్తి. డానియేలు నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడేమో, ఎల్లేష్ చిత్రిక ఆపి మరీ చూశాడు.

పొద్దు వాలుతుండగా మెసేజీ వచ్చింది. ఒక్కటే మాట. తెలుగు మాట, ఇంగ్లిషు అక్షరాలు, అందులోనూ ఒక అక్షరం తక్కువ. పోయింది.

డానియేలు ఫోను పక్కన పెట్టాడు. మూతను వెల్లకిలా తిప్పి, ఎల్లేష్ చెవి మీది పెన్సిలు లాక్కుని, లోపల పిట్ట అని రాశాడు. ఎల్లేష్ దాన్ని చూసి, దాని మీద గుడ్డ పరిచి మేకులు కొట్టాడు. ఆ తర్వాత డానియేలు మూతను తిప్పి మాణిక్యమ్మ అని ఇంగ్లిషులో రాశాడు. కింద మూడు మాటలూ పూర్తిగానే రాశాడు. మనసు మారినంత తొందరగా చెయ్యి మారదు.

చీకటి పడేలోపు ఆశ్రిత ట్రాలీ ఆటో తీసుకుని వచ్చింది. ఇప్పుడు ఆమె రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మూతను తడమబోయింది.

"రంగు పచ్చిగున్నది బిడ్డా, చెయ్యి తగలనియ్యకు."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. పెట్టెను ఎక్కించాక ఆటో పక్కన నిలబడి, ఆ రోజు మొదటిసారి అతనితో నోటితో మాట్లాడింది.

"అంకుల్, అమ్మమ్మకు తెల్వలేదు గద? పెట్టె సంగతి?"

డానియేలు ఆమె ముఖంలోకి చూశాడు. జీవితమంతా ఎదుటివాళ్ల మాటలో అబద్ధం వెతికినవాడు, తన మాటలో అది కనబడకుండా చూసుకున్నాడు.

"తెల్వలేదు బిడ్డా. నన్ను సంఘం మనిషిననే అనుకున్నది."

ఆశ్రిత గట్టిగా ఊపిరి వదిలింది. ఆ మాటను ఆమె అనుమానించలేదు. అప్పుడు ఏడ్చింది. ఆటో సందు మలుపు తిరిగేదాకా ఆ ఏడుపు వినిపించింది.

ఎల్లేష్ లైటు వేశాడు. మూత ఉన్న బల్ల ఖాళీగా ఉంది. దాని చివర రంగు డబ్బా పక్కన, పేరు రాస్తూ అడ్డమని పక్కకు జరిపిన బత్తాయి ఉంది, పచ్చటి తొక్క మీద తెల్లటి బొటనవేలి ముద్రతో.