చివరి రెండు అధ్యాయాలు

కొబ్బరిపాలు విరిగిపోతాయని గరిటె ఆపకుండా తిప్పుతున్నాను. జావా దీవి, మలాంగ్ ఊళ్లోని మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నమంటే ముందుగదిలో మా ఆయన హర్తోనో పుస్తక మిత్రులు, వంటింట్లో నేను, పనసకాయ కూర, అరటికాయ వేపుళ్లు. మొదలుపెడితే వదలబుద్ధికాని నవలలు ఏరి చెప్పడంలో ఆయన్ని మించినవాళ్లు లేరని ఊళ్లో పేరు. ఆయన ఏది చెబితే అది వారం తిరక్కుండా అందరి చేతుల్లో ఉంటుంది.

ఈమధ్య కొత్తగా నీకెన్ అనే అమ్మాయి వస్తోంది. బ్యాంకులో ఉద్యోగం, ఒక్కతే ఉంటుంది. "శనివారం పొద్దున పట్టుకున్నాను సార్, మళ్లీ లేచింది పుస్తకం అయిపోయాకే. అన్నం కూడా తినలేదు" అంటోంది ఇవాళ. మా ఆయన మొహం వెలిగిపోయి ఉంటుంది, చూడక్కర్లేదు. నాకు అసూయ పుట్టింది. మొగుణ్ణి చూసి కాదు, ఒట్టు. ఆ శనివారాన్ని చూసి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరూ పేరు పెట్టి పిలవని శనివారం! నేనూ చదువుతాను. ఆయన తెచ్చినవన్నీ చదివాను, కూర ఉడికేలోపు నాలుగు పేజీలు, బట్టలు ఆరేలోపు రెండు. "పగలు పుస్తకం పట్టుకుని కూర్చునే కోడల్ని మా వీధిలో చూళ్లేదమ్మా" అని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉన్నారు. అందుకే బియ్యం డబ్బా వెనక దాచుకుని చదవడం అలవాటైంది.

నీకెన్ నోట లైట్‌హౌస్ అన్న మాట రాగానే, అది ఏ పుస్తకమో అర్థమైంది. లైట్‌హౌస్ కాపలాదారు భార్య ఒక ఉదయం మాయమైపోయే నవల. ఇంకా రెండు అధ్యాయాలుండగా మంగళవారం నా డబ్బా వెనకనుంచి పోయింది. ఇల్లంతా వెతికాను. ఆయన్ని అడిగితే, "అదా, ఒకరికిచ్చాను. నీకెందుకు?" అన్నారు.

"చివర్లో ఆవిడ ఎక్కడుందంటే..." అంటోంది నీకెన్.

"చెప్పకు!"

అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలీదు. గరిటెతోనే గుమ్మంలోకి వచ్చాను. అందరూ తల తిప్పారు. మా ఆయన నవ్వారు. "లస్మినీ, నీకు చదివే తీరికెక్కడిది?"

"మీరు తీసుకెళ్లే ముందు చదువుతున్నది నేనే."

నీకెన్ మొహం పాలిపోయింది. "అయ్యో అక్కా, నాకు తెలీదు" అంటూ సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది. ఆ పిల్ల మంచిదే. అదీ కష్టంగానే ఉంది, తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా.

స్టవ్ ఆపేశాను. పెరటి అరుగు మీద కూర్చుని చదివాను. "లస్మినీ, కాఫీ" అని ఒకసారి వినబడింది. మరోసారి కాస్త గట్టిగా వినబడింది. తర్వాత ఎవరో గిన్నెలు చప్పుడు చేశారు. నేను పేజీ తిప్పాను.

అయిపోయాక వెళ్లి వాళ్ల మధ్య ఖాళీ కుర్చీలో కూర్చున్నాను.

"ఎలా ఉంది?" అన్నారు ఆయన, పిల్లల్ని అడిగినట్టు.

"ముగింపు బాగాలేదు."

"అదే అందులో గొప్ప! ఆవిడ తిరిగొచ్చి భర్త కాళ్ల దగ్గర కూర్చోవడం..."

"అంత తెగించి సముద్రం దాటినావిడ, కాళ్ల దగ్గర కూర్చోవడానికి తిరిగి రాదు. రాసినాయన భయపడ్డాడు."

"నీకు సరిగ్గా అర్థమైనట్టు లేదు" అన్నారు ఆయన. నవ్వు లేదు.

"నాకూ అలాగే అనిపించింది సార్, చెప్పడానికి మొహమాటపడ్డాను" అంది నీకెన్. దాని మీద అసూయ పూర్తిగా పోలేదు. కొంచెం జరిగి ఇష్టానికి చోటిచ్చిందంతే.

"సరే, వచ్చే ఆదివారం ఏ పుస్తకం?" అన్నారు ఆయన, మాట మార్చడానికి, అందరి వైపూ చూస్తూ.

"నేను చెప్తాను" అన్నాను. "వంట మీరు చూసుకోండి."