వేడి చూసిన చెయ్యి

షెడ్డులో ఆయన్ని అందరూ అద్దం మేస్త్రి అనేవాళ్ళు. ఇరవయ్యారేళ్ళు కార్లకు పాలిష్ పట్టిన మనిషి. మేస్త్రి చెయ్యి పడ్డ కారు ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని తోటివాళ్ళు అంటే, అక్కడి పెయింటరు ఒకాయన నిజంగానే జేబులోంచి దువ్వెన తీసి, కారు తలుపులో చూసుకుంటూ పాపిడి సరిచేసుకున్నాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు మేస్త్రి ముసిముసిగా నవ్వుకునేవాడు. తనని తాను పొగుడుకోవడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే.

ఆ పేరు తెచ్చిన చేతులే పోయాయి.

పాలిష్ మిషను అదురు ఏళ్ళ తరబడి వేళ్ళలోకి ఎక్కింది. మొదట్లో చలికాలం పొద్దున్నే వేళ్ళ కొసలు సున్నం రాసినట్టు తెల్లబడేవి. కాసేపు చంకల్లో పెట్టుకుంటే రంగు తిరిగొచ్చేది. రానురాను రంగు వచ్చినా స్పర్శ రావడం మానేసింది. టీ గ్లాసు చేతిలో ఉందో జారిందో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. డాక్టరు సూదితో పొడిచి, "తెలుస్తోందా?" అని అడిగాడు. మేస్త్రి సూది వంక చూసి, "తెలుస్తోందండీ" అన్నాడు. డాక్టరు కళ్ళు మూసుకోమన్నాడు. ఈసారి మేస్త్రి ఏమీ అనలేదు.

"పోయిన నరాలు ఎలాగూ రావు. ఉన్నవైనా మిగుల్చుకోండి. ఇక ఆ మిషను జోలికి పోవద్దు" అన్నాడు డాక్టరు.

షెడ్డు మానేశాడు. అడిగినవాళ్ళందరికీ ఓపిక తగ్గిందని చెప్పాడు. అసలు సంగతి భార్యకు ఒక్కదానికే తెలుసు. ఆమె ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఇరుగుపొరుగు బట్టలు కుట్టేది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఆయన ఆమె ముందు నిలబడేవాడు. ఆమె పని ఆపి, పైనుంచి కిందికి చొక్కా గుండీలు పెట్టేది. ఆయన కిటికీ వైపు చూస్తూ నిలబడేవాడు. దాని గురించి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు.

అలా ఉండగా ఒకరోజు ఆమె అన్న ఫోన్ చేశాడు.

"బావా, ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. ఆఖరి రోజు ఆఫీసుకి కారు కొన్ననాటిలా మెరిసిపోతూ వెళ్ళాలని నా కోరిక. ఇంకొకడి చేతిలో పెట్టడానికి మనసొప్పడం లేదు. షెడ్డు మానేసినా ఇంట్లో మిషను ఉందిగా?"

"ఉంది. పంపించు" అన్నాడు మేస్త్రి.

ఫోను పెట్టేసి, భార్య వైపు చూడకుండా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎలా చేస్తారండీ?" అంది ఆమె.

ఆయన చూపు కుట్టు మిషను మీద ఆగింది. ఆ తర్వాత, "నువ్వు చేస్తావు. నేను పక్కనుండి చెప్తాను" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. "నేనా? గిన్నెలు తోమడం కూడా రాదని మీ అమ్మ పోయేదాకా అంటూనే ఉంది."

"కుట్టు మిషను కింద గుడ్డని లాగకుండా, దాని దారిన దాన్ని పోనిస్తూనే నీకు కావలసిన వైపు తిప్పుకుంటావు కదా. ఇదీ అంతే."

పోనీ అన్నకు నిజం చెప్పేద్దాం అందామనుకుంది. ఆయన ముఖం చూసి మానుకుంది.

నేర్చుకోవడానికి వాళ్ళ సొంత కారే ఉంది. పదిహేనేళ్ళ నాటి ఎర్ర కారు. ఎండకి పైకప్పు వెలిసిపోయి గులాబీ రంగుకి తిరిగింది.

"ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ కార్లన్నీ మెరిపించారు. మనదాన్ని మాత్రం ఇలా వదిలేశారు" అంది ఆమె.

"మనదేగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను."

మర్నాటి నుంచి ఇంటి పక్కనున్న రేకుల నీడలో పాఠాలు మొదలయ్యాయి. ముందు కడగడం. రెండు బకెట్లు, ఒకదాంట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో గుడ్డ జాడించే నీళ్ళు. పైనుంచి కిందికే రావాలి. చక్రాల దగ్గర వాడిన గుడ్డ మళ్ళీ తలుపుల మీదికి రాకూడదు. మొదటిరోజే ఆమె చేతిలోంచి గుడ్డ జారి నేల మీద పడింది. తీసి దులిపి మళ్ళీ వాడబోతే మేస్త్రి ఆపాడు.

"అది ఇక కారుకి పనికిరాదు. వంటింట్లోకి పట్టుకుపో."

"దులిపానుగా?"

"ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు. అది గీసిన గీత పోగొట్టడానికి నువ్వు పూటంతా పనిచెయ్యాలి."

రెండోరోజు పల్చటి ప్లాస్టిక్ కవరు తెచ్చి ఆమె చేతికి తొడిగాడు. దాంతో బానెట్ మీద మెల్లగా నిమరమన్నాడు. కంటికి శుభ్రంగా కనిపించిన చోటే, కవరు లోంచి ఉప్పురవ్వలా గరగర తగిలింది. ఆమె ఆశ్చర్యపోయి మళ్ళీ మళ్ళీ నిమిరింది.

"ఉత్తి చేతికి తెలియనిది కవరుంటే తెలుస్తుంది. ఇది కార్ల కోసమే చేసిన జిగురు మట్టిముద్ద, ఇసుక ఉండదు, అంటుకున్న మురికిని లాగేస్తుంది. తడిపి రుద్దు. ఆ గరగర పోయేదాకా రుద్దాలి. పోయిందో లేదో నువ్వే చెప్పాలి" అన్నాడు. ఆ ఆఖరి మాట అనేటప్పుడు గొంతు కాస్త తగ్గింది.

మూడోరోజు మిషను ఆమె చేతికిచ్చాడు. దాని మూతికి అరచెయ్యంత స్పాంజి చక్రం. దాని మీద నాలుగు చుక్కలు పాలిష్ మందు వేయించాడు. ముందు చక్రాన్ని కారుకి ఆనించి, ఆ తర్వాత మీట నొక్కాలని చెప్పాడు. ఆమె కంగారులో మీట ముందు నొక్కింది. తెల్లటి మందు గోడ మీదా, ఆమె జుట్టులోనూ, మేస్త్రి కళ్ళజోడు మీదా చిమ్మింది.

మేస్త్రి కళ్ళజోడు తీసి, "కారు తప్ప అన్నిటికీ పాలిష్ పట్టావు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన షెడ్డు మానేశాక ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

"నువ్వు నొక్కకు, దాని బరువే చాలు. ఒకచోట నిలపకు. అంచుల దగ్గర, మడతల దగ్గర రంగు పల్చగా ఉంటుంది, అక్కడ ఆగావంటే కాలిపోతుంది. నాలుగు చుట్లకోసారి మిషను ఆపి చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి తీసెయ్యాలనిపిస్తే ఆపేయాలి."

వారం తిరిగేసరికి పైకప్పు మళ్ళీ ఎర్రబడింది. ఆ పొద్దున ఆమె మెత్తటి గుడ్డతో ఆఖరిగా పూసిన మైనం తుడుస్తుంటే రేకుల సందులోంచి పడ్డ ఎండ అందులో సూటిగా నిలబడింది. సాలెగూడు లాంటి గీత ఒక్కటి లేదు. మేస్త్రి వంగి చూశాడు. అలవాటు చొప్పున వేళ్ళు చాచి దాని మీద పెట్టాడు. ఒక క్షణం ఉంచి, చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎలా ఉందండీ?"

"బాగుంది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన మాటలు తగ్గాయి. చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కూడా. ఆమెకు అది అర్థమై, తెలిసినవే మళ్ళీ అడగడం మొదలుపెట్టింది. దీపాలకి మందు అంటకుండా టేపు ఎక్కడ అంటించాలి, మందు ఎన్ని చుక్కలు వెయ్యాలి, మైనం ఎంతసేపు ఆరనివ్వాలి. రెండుమూడుసార్లు ఓపిగ్గా చెప్పాడు. నాలుగోసారి, "తెలిసిన సంగతి నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు. ఆమె తల వంచుకుని పని చూసుకుంది.

అన్న కారు వచ్చింది. ముదురు నీలం. పన్నెండేళ్ళు వాడినా జాగ్రత్తగా వాడిన కారు. సోమవారం ఆయన ఆఖరి రోజు, ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు. రెండు రోజులు ఆమె తలుపులు, వెనక భాగం, పైకప్పు చేసింది. ఆదివారం పొద్దున బానెట్ ఒక్కటే మిగిలింది.

మేస్త్రి ఆ రోజు కుర్చీ వదిలి కారు పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"వేడి నేను చూస్తాను. నువ్వు మిషను ఆపకుండా చేసుకుపో."

ఆమె ఆయన చేతుల వైపు చూసింది. అది గమనించి ఆయన, "వేళ్ళకే మొద్దుబారింది. అరచెయ్యి బాగానే ఉంది" అన్నాడు.

వద్దండీ, నేనే చూసుకుంటాను అనాల్సింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కొన్నాళ్ళుగా దిగాలుగా ఉన్న ఆ ముఖంలో ఆ పొద్దున ఏదో కదలిక కనిపించింది. పనిలోకి దిగే ముందు షెడ్డులో ఎలా ఉండేవాడో ఆమెకు తెలియదు గానీ, బహుశా ఇలాగే ఉండేవాడనుకుంది. సరేనంది.

బానెట్ సగం బాగానే నడిచింది. ఆమె జరిగిన చోటల్లా ఆయన అరచెయ్యి ఆనించి, "ఊఁ, కానీ" అనేవాడు. ముందు దీపానికి పైన, బానెట్ మడత తిరిగే చోట ఒక పాత గీత ఉంది. అది ఎంతకీ పోవడం లేదు. ఆమె అక్కడే మిషను తిప్పుతూ, కాలిన వాసనలా ఏదో తగిలి ఆపింది.

"వేడెక్కినట్టుందండీ."

మేస్త్రి అరచెయ్యి పూర్తిగా ఆనించి, ఎప్పటికంటే ఎక్కువసేపే ఉంచాడు. "ఏం లేదు. ఇంకో రెండు చుట్లు తిప్పు, పోతుంది."

ఆమె తన చెయ్యి పెట్టి చూడలేదు. ఆయన చూశాక తను మళ్ళీ చూస్తే ఏమనుకుంటాడోనని మిషను ఆనించింది. రెండో చుట్టులో నీలం రంగు పొరలా లేచిపోయింది. కింద బూడిదరంగు, రూపాయి బిళ్ళంత, బయటపడింది.

ఆమె మిషను ఆపి నేల మీద పెట్టింది. ఇద్దరూ ఆ మచ్చ వైపే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి ఆమె ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. అరచెయ్యి ఎర్రగా కమిలి, మధ్యలో బొబ్బ లేస్తోంది. ఆయనా అప్పుడే చూసుకున్నాడు. వేరెవరి చెయ్యో చూసినట్టు చూశాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగి, అడిగినందుకు నాలిక కరుచుకుంది.

"ఉంటే బాగుండేది" అన్నాడు.

సాయంత్రం అన్న వచ్చాడు. కారు చుట్టూ తిరుగుతూ, "అబ్బ, ఏం చేశావు బావా" అంటూ ముందువైపు వచ్చి ఆగిపోయాడు. "ఇదేంటి?"

మేస్త్రి నోరు తెరిచేలోపే ఆమె ముందుకొచ్చింది. "నా వల్లే అన్నయ్యా. ఆయన లోపలికి వెళ్ళినప్పుడు సరదాకి మిషను పట్టుకున్నాను."

"సరదాకా? రేపు నా ఆఖరి రోజని తెలుసుగా? నీకెందుకమ్మా తెలియని పని? చిన్నప్పుడూ అంతే, నా సైకిలు తీసుకెళ్ళి కాలవలో పడేశావు. ముట్టుకున్నది ముట్టుకున్నట్టు నాశనం చేస్తావు."

ఆమె వింటూ నిలబడింది. ఒకసారి భర్త వైపు చూసింది. ఆయన కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, గోడ వైపు చూస్తున్నాడు. అన్న తాళాలు తీసుకుని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. కడుపున పుట్టిన బిడ్డ లేకపోయినా ఇన్నేళ్ళలో ఆమెకు ఈ మనిషి పక్కన ఒంటరిగా అనిపించలేదు. ఆ సాయంత్రం అనిపించింది.

మర్నాడు పొద్దున్నే గుండీలు పెట్టించుకుని మేస్త్రి బయటికి వెళ్ళాడు. రెండు గంటల తర్వాత వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఎక్కడికి వెళ్ళారని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. సాయంత్రం అన్న ఫోన్ చేస్తే తెలిసింది.

"పొద్దున బావ వచ్చాడమ్మా. నేను ఆఫీసుకి బయలుదేరుతుంటే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. కట్టు విప్పి చెయ్యి చూపించాడు. అంతా చెప్పాడు. నేను కంగారులో ఉన్నాను... సరేలే బావా, తర్వాత మాట్లాడుకుందాం అని కారెక్కేశాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "దండలు వేశారు, ఫోటోలు తీశారు. నాకు ఆ చెయ్యే కనిపిస్తూ ఉంది. నువ్వైనా ముందే చెప్పాలి కదమ్మా నాకు."

"చెప్పాల్సింది అన్నయ్యా" అంది ఆమె.

ఫోను పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళింది. మేస్త్రి మంచం మీద పడుకుని పైకి చూస్తున్నాడు. ఆమె మంచం అంచున కూర్చుని, కట్టు విప్పి, మందు రాసి, మళ్ళీ కట్టింది. ఏమీ తెలియకపోయినా ఆయన కదలకుండా చెయ్యి ఆమెకే వదిలేశాడు.

"నిన్న నోరు రాలేదు" అన్నాడు కాసేపటికి.

"తెలుసు."

"నిన్ను అన్నేసి మాటలు అంటుంటే చూస్తూ నిలబడ్డాను."

"ఇవాళ వెళ్ళి చెప్పారుగా."

"ఇవాళ చెప్పాను" అన్నాడు. ఆ మాట ఆయనకేమీ ఊరట ఇచ్చినట్టు లేదు.

బొబ్బ మానడానికి నెల పట్టింది. అన్న ఆ మచ్చకి రంగు వేయించుకున్నాడు. పండో కాయో పట్టుకుని రెండుసార్లు వచ్చి, బావ పక్కన కూర్చుని, అవీ ఇవీ మాట్లాడి వెళ్ళాడు. చేతుల సంగతి ఎత్తలేదు. మేస్త్రి కూడా మర్యాదకి మాట్లాడాడు. కారు ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరూ తేలేదు.

కొన్నాళ్ళకి ఎదురింటి టీచరు ఎర్ర కారు చూసి, తనదీ అలా చేసిపెట్టమని ఆమెనే అడిగింది. ఆమె వచ్చి భర్తతో చెప్పింది.

"చెయ్యనా?"

"నీ ఇష్టం."

"మీరు పక్కన కూర్చుంటారా?"

"నీకు వచ్చుగా."

ఆయన రాలేదు. ఆమె ఒక్కతే కారు కడిగింది, మట్టిముద్ద రుద్దింది, టేపు అంటించింది. చెయ్యి పెట్టి వేడి తనే చూసుకుంటూ రెండు తలుపులు పూర్తిచేసింది. మూడో తలుపు సగంలో ఉండగా కిటికీ లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"చక్రం ఎండిపోయింది. మందు వెయ్యి."

మిషను ఆపి చూసింది. నిజమే, ఎండిపోయి ఉంది; మోత వినే చెప్పినట్టున్నాడు. నాలుగు చుక్కలు వేసి మళ్ళీ ఆనించింది. కరకర పోయి మోత మెత్తబడింది.

"ఇప్పుడు సరిపోయిందా?" అని కాస్త గట్టిగానే అడిగింది.

వంగి కిటికీ లోంచి చూసింది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు చేతులూ దుప్పటి లోపలున్నాయి. ఎండ తలుపు మీదికి రాకముందే ముగించాలని ఆమె మళ్ళీ మీట నొక్కింది.