వీపు మీది పెద్దాయన

కుర్చీవాడు నుదుటి పట్టీ బిగించుకుని, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. వీపుకు కట్టిన చెక్క కుర్చీలో పెద్దాయన వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ఊరి కొండయాత్రను ముందుండి నడిపిన మనిషి, ఇప్పుడు గడ్డిమోపంత బరువు కూడా లేడు.

“నీ వీపెక్కితే వచ్చిన దారి తప్ప ఏమీ కనపడదురా.”

“ముందుకు చూసే వయసా పెద్దయ్యా మీది?”

వెనక నడుస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. కుర్చీవాడు నవ్వలేదు. మోకాళ్ళు అరిగినా, భుజాలు కాయలు కాచినా పద్నాలుగేళ్ళుగా ఈ పని మానలేదు. ఏనాటికైనా ఈయన కాళ్ళు పడిపోవాలి, తన వీపే ఎక్కాలి అని కాచుకున్నాడు.

పద్నాలుగేళ్ళ కిందట ఈ కొండ మూడో మలుపులోనే, బల్లపరుపు రాయి దగ్గర, అతని అన్న గుండె పట్టుకుని కూలబడ్డాడు. అన్నదీ ఇదే పని. “నడక ఆగకూడదు, అరిష్టం,” అన్నాడు పెద్దాయన. నడక ఆగలేదు. బరువుతో వెనకే వస్తున్న తనూ ఆగలేదు. దిగి వచ్చేసరికి అన్న ఒంటికి చీమలు పట్టాయి.

ఇవాళ ఆ రాయి పక్కనే కుర్చీ దించాడు.

“ఇక్కడే కూర్చోండి. దిగేటప్పుడు చూస్తాను. నడక ఆగకూడదు కదా!”

బతిమాలతాడని ఎదురుచూశాడు. ఆ బతిమాలడం వినాలనే ఇన్నేళ్ళూ మోశాడు. పెద్దాయన రాయిని చేత్తో తడిమాడు.

“ఆ రోజు మీ అన్నే నన్ను పొమ్మన్నాడురా. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. వెళ్ళు.”

“ఇప్పుడా ఈ కబుర్లు?”

వెళ్ళాడు. వీపు ఖాళీగా ఉంటే ఎలా నడవాలో కాళ్ళకు తెలియక తూలాడు. పగ తీరితే కడుపు చల్లబడాలి కదా, అదే మంట. వంద మెట్లెక్కి, తనను తాను తిట్టుకుంటూ, ఎదురొచ్చేవాళ్ళను భుజంతో తోసుకుంటూ దిగాడు.

జనం పెద్దాయన ముందునుంచే పాడుకుంటూ పోతున్నారు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. కుర్చీవాడు ఆయన చెయ్యి ఎత్తి చూశాడు. బరువులు మోసినవాడికి ఆ బరువేమిటో చెప్పనక్కరలేదు.

దారికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

“ఆగండి! మనిషి పోతే ఆగరట్రా?”

పద్నాలుగేళ్ళుగా గొంతులో ఉన్న కేక అది. పాట తెగింది. మలుపు అవతలిదాకా ఒక్కొక్కరే ఆగారు.

రాయి మీద, పడుకోబోయే ముందు పెట్టుకున్నట్టు, పెద్దాయన కళ్ళజోడు మడిచి ఉంది. విరిగిన కాడకు తెల్లదారం చుట్టి.