కింది గొంతు

ఒట్టీలియాను పాట లేకుండా పూడ్చిపెట్టారు. అది జరిగి ఎనిమిదేళ్ళయింది. ఆ రోజు నుంచి ఆమె మొగుడు బాల్డుయిన్ లెర్మెన్ ఊరి పాటగాళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడలేదు. వాళ్ళు దారిలో బండి ఆపి పలకరిస్తే గుర్రం మొహం చూసేవాడు, మనిషి మొహం చూసేవాడు కాదు.

బాల్డుయిన్ తాత జర్మనీ నుంచి వచ్చి ఓడ దిగి, బ్రెజిల్ దక్షిణపు కొండల్లో అడవి నరికి, ఆ చోటుకు హిర్ష్‌టాల్ అని పేరు పెట్టినవాళ్ళలో ఒకడు. వాళ్ళు వెంట తెచ్చుకున్నవాటిలో గొడ్డళ్ళు అరిగిపోయాయి, దుప్పట్లు చిరిగిపోయాయి. నాలుగు గొంతుల పాటలు మాత్రం మిగిలాయి. ఊళ్ళో ఎవరు పోయినా మగవాళ్ళు టోపీలు తీసి గోతి చుట్టూ నిలబడి వీడ్కోలు పాట పాడాలి. ఏ ఇంటి చావైతే ఆ ఇంటివాళ్ళు మాత్రం నోరు తెరవకూడదు. ఏడవడం వాళ్ళ వంతు, పాడటం ఊరి వంతు. మిగతా మూడు గొంతుల కింద నేలలా పరుచుకునే నాలుగోది బాల్డుయిన్‌ది. ఊరంతటికీ పాడాడు. తన వంతు వచ్చేసరికి ఊరు పాడలేదు.

అది జర్మనీతో యుద్ధం వచ్చిన ఏడు. జర్మన్‌లో నోరెత్తితే లోపల వేస్తామని చాటింపు వేశారు. బడి మూసేశారు. అంగట్లో ఉప్పు అడగాలన్నా ముసలివాళ్ళు వేలు చూపించి ఊరుకునేవాళ్ళు. జర్మనీ ఏ దిక్కున ఉందో బాల్డుయిన్‌కు తెలియదు. ఒట్టీలియా ఏ భాషలో ప్రార్థన చేసుకునేదో తెలుసు. ఆమెకు వేరే భాష రాదు.

శ్మశానం గేటు దగ్గర పోలీసు నిలబడ్డాడు. పాటగాళ్ళ పెద్ద వెండెలిన్ ష్టోఫెల్, బడిపంతులు, శ్రుతి ఇవ్వడానికి చెయ్యి ఎత్తాడు. గేటు వైపు చూశాడు. ఎత్తిన చేత్తో సిలువ గుర్తు వేసుకుని దించేశాడు. అంతే. తర్వాత మట్టి పడిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. బాల్డుయిన్ ఆ చేతిని మరిచిపోలేదు. మరిచిపోవాలని అనుకోనూ లేదు.

యుద్ధం పోయింది, చాటింపూ పోయింది. కానీ పాటలు నేర్చుకోవాల్సిన వయసులో పిల్లలు నోరు మూసుకుని పెరిగారు. పాడే ముసలివాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు.

జూలై చలిలో ఒక పొద్దున బాల్డుయిన్ పెరట్లో చెరకు పాకం కాస్తున్నాడు. గుమ్మడి ముక్కలు, నారింజ తొక్కలు వేసి, రొట్టె మీద రాసుకునేంత చిక్కగా వచ్చేదాకా కాయాలి. పెద్ద రాగి కాగు, మనిషంత పొడవు చెక్క గరిట. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది. ఒట్టీలియా ఉన్నప్పుడు తిప్పుడు ఒకే తీరుగా సాగేది, తొందరా లేదు, ఆలస్యమూ లేదు. బాల్డుయిన్ ఇప్పటికీ అలాగే తిప్పుతాడు. ఆ తీరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

అరుగు మీద కోడలు డాల్వా పాపను భుజాన వేసుకుని కూనిరాగం తీస్తోంది. డాల్వా ఈ కొండల పిల్ల కాదు. కింది మైదానాల్లో పశువులు మేపే ఇంటి నుంచి, ఒట్టీలియా పోయిన నాలుగేళ్ళకు వచ్చింది. ఒంటి రంగు వేరు, మాట వేరు. కొడుకు ఆర్నో ఆమెను చేసుకుంటానన్నప్పుడు బాల్డుయిన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆకలేసి తిన్నాడు. ఇప్పుడు ఆర్నో లారీ మీద వారాల తరబడి తిరుగుతుంటే, ఇంట్లో మామా కోడళ్ళే మిగిలారు. ఆమె తన పోర్చుగీసులో అడిగేది, ఈయన తన భాషలో తిట్టేవాడు. ఇద్దరికీ అర్థమయ్యేది.

"ఏం పాటమ్మా అది, బురదలో ఎద్దు నడిచినట్టు," అన్నాడు బాల్డుయిన్. "మీ ఊళ్ళో పిల్లలు దానికి నిద్రపోతారా, భయపడి కళ్ళు మూసుకుంటారా?"

"ఎలాగోలా మూసుకుంది కదా మామయ్యా," అంది డాల్వా.

అప్పుడే గేటు తోసుకుని అపలోనియా వచ్చింది. వెండెలిన్ పెళ్ళాం. ఎనిమిదేళ్ళలో ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు. నల్ల శాలువా తల మీదుగా కప్పుకుని ఉంది. అది చూడగానే బాల్డుయిన్‌కు సంగతి తెలిసిపోయింది.

"ఆయన పోయారన్నయ్యా," అంది. "తెల్లారుజామున."

దేవుడు దారి చూపిస్తాడని, ఎవరైనా అనాల్సిన మాట అతనూ అన్నాడు. గరిట ఆపలేదు. అపలోనియా కాగుకు అవతల నిలబడింది. రేపు పొద్దునే మట్టి అని చెప్పింది. కొలిమి ఆలోయిస్ వస్తాడట, హామెస్ అన్నదమ్ములిద్దరూ వస్తారట. కింది గొంతు లేదు.

వేరే ఎవరినైనా అడగమన్నాడు.

"ఎవరున్నారు?"

నిజంగానే ఎవరూ లేరు.

"నా ఒట్టీలియాకు ఏ గొంతుంది?" అన్నాడు చివరికి. "పై గొంతు ఉందా, కింది గొంతు ఉందా? మీ ఆయన చెయ్యెత్తాడు. ఎత్తి దించాడు. కుక్కను పూడ్చినట్టు పూడ్చాం."

అపలోనియా తల వంచుకోలేదు. ఒట్టీలియా పోవడానికి కొద్ది రోజుల ముందే మొగుణ్ణి పోలీసులు లాక్కెళ్ళి బెదిరించి పంపిన సంగతి ఆమె చెప్పొచ్చు. ఇంట్లో ఐదుగురు పిల్లలున్న సంగతీ చెప్పొచ్చు. ఏదీ చెప్పలేదు.

"ఆయన్ని క్షమించమని అడగడానికి రాలేదన్నయ్యా. అది మీరూ మీరూ చూసుకోండి, ఎప్పటికైనా ఒకచోటికే పోతారు కదా. నేను అడిగేది గొంతు ఒక్కటే."

రానన్నాడు. ఆమె ఇంకోసారి అడగలేదు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "పాకం అడుగంటుతోంది," అంది. వెళ్ళిపోయింది.

నిజమే. అతని చెయ్యి ఎప్పుడు ఆగిందో అతనికే తెలియదు. మాడు వాసన వస్తోంది. డాల్వా నిద్రపోయిన పాపను ఉయ్యాల తొట్టిలో వేసి పరుగున వచ్చి గరిట లాక్కుంది. బాల్డుయిన్ వెళ్ళి దుంగ మీద కూర్చున్నాడు. ఆవిడ ఏమడిగిందని కోడలు అడిగితే, శ్మశానంలో పాడమందని మాత్రం చెప్పాడు.

గరిట బరువుగా ఉంది. దాన్ని తోస్తూ డాల్వా మళ్ళీ ఆ కూనిరాగమే అందుకుంది. పాపకు పాడినప్పుడు అది ఊగేది, జారేది. ఇప్పుడు గరిటతో పాటు నెమ్మదించింది. ఒక తిప్పుకు ఒక మెట్టు. రెండు మెట్లు దిగి, అక్కడే ఆగి, ఒకటి ఎక్కి, మళ్ళీ దిగి.

బాల్డుయిన్ తల ఎత్తాడు.

ఆడగొంతులో, ఎంతో పైన, మాటలు లేకుండా వినబడుతున్నది తన గొంతే. వీడ్కోలు పాట. పాట కూడా కాదు, పాటలో తన వంతు. పై మూడు గొంతులూ లేకుండా అది ఒక్కటే పాడితే ఇంటి పునాది ఒక్కటే చూసినట్టుంటుంది. ఏ ఇంటిదో ఎవరికీ తెలియదు. కట్టినవాడికి కూడా ఇంతకాలం తెలియలేదు.

"అది ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరు నేర్పడమేంటి? కాగు ముందు నిలబడితే చాలు, మీరు తీసేది ఇదేగా. వచ్చిన కొత్తలో మీకు కడుపునొప్పేమో అనుకున్నా."

"నేను పాడటం మానేసి ఎనిమిదేళ్ళయింది."

"సరే, మానేశారు," అంది డాల్వా, తిప్పుతూనే.

అతను లేచి పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగాడు. తర్వాత, అది పాట కాదని, దాని పైన ఇంకా మూడు గొంతులుంటాయని, అవి లేకపోతే ఇది ఉత్త మూలుగని చెప్పాడు.

"పాప దీనికి నిద్రపోతుంది మామయ్యా. నాకంతే కావాలి."

మర్నాడు పొద్దున బాల్డుయిన్ నల్ల కోటు తొడుక్కుని బయటికి వచ్చాడు. ఎక్కడికని డాల్వా అడగలేదు. పాపను శాలువాలో చుట్టుకుని వెనకే నడిచింది. ఇంటి నుంచి ఎవరో ఒకరు చావుకు వెళ్ళాలి కదా అనుకుంది.

ఒట్టీలియా సమాధి గేటు దాటగానే, దారి పక్కనే ఉంది. చెక్క సిలువ. బాల్డుయిన్ అక్కడ ఆగాడు. ఇక కదల్లేదు. ఊరంతా పై వరసలో కొత్త గోతి దగ్గరికి చేరింది. శవపేటిక ఇంకా దారిలోనే వస్తోంది. ఆలోయిస్ దిగి వచ్చి, రమ్మని చెయ్యి ఊపాడు.

"నేను ఇక్కడి నుంచే పాడతా," అన్నాడు బాల్డుయిన్. "మీకు కావాల్సింది గొంతే అన్నారుగా. వినబడుతుందిలే."

గోతికి వీపు పెట్టి పాడటం ఏ ఊళ్ళో పద్ధతని ఆలోయిస్ గొణిగాడు. ఎత్తిన చేత్తో సిలువ గుర్తు వేసుకోవడం ఏ ఊరి పద్ధతో ముందు చెప్పమన్నాడు బాల్డుయిన్. ఎనిమిదేళ్ళ తర్వాత ఆలోయిస్‌తో అతను మాట్లాడిన మొదటి మాటలవి.

శవపేటిక అక్కడికి వచ్చింది. దాని వెనకే నడుస్తున్న అపలోనియా బాల్డుయిన్‌ను చూసింది, సిలువను చూసింది.

"ఇక్కడ దించండి," అంది మోసేవాళ్ళతో.

వాళ్ళు ఫాదర్ వైపు చూశారు. శవాన్ని దారిలో దించకూడదమ్మా అన్నాడు ఫాదర్.

"ఆవిడ ఎనిమిదేళ్ళు ఆగింది ఫాదర్. ఈయన కాసేపు ఆగలేడా?"

దించారు. పై వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే కిందికి వచ్చారు. ఆలోయిస్, హామెస్ అన్నదమ్ములు టోపీలు తీశారు. చెయ్యెత్తేవాడి కోసం అలవాటుగా చూసి, ఆ మనిషి పెట్టెలో ఉన్నాడని గుర్తొచ్చి కళ్ళు దించుకున్నారు. ఆలోయిస్ సన్నగా శ్రుతి అందుకున్నాడు.

పాట మొదలైంది. బాల్డుయిన్ గుండెల నిండా గాలి పీల్చాడు, నోరు తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఈ పాట ఒట్టీలియాకు, ఇది తన ఇంటి చావు. తను పాడకూడదు. నోరు మూసుకున్నాడు. ముగ్గురు ముసలివాళ్ళ గొంతులు చలిలో, కింద నేల లేకుండా గాల్లో వేలాడుతున్నాయి. ఒట్టీలియాకు దక్కిందీ సగం పాటే అనుకున్నాడు.

ఆ గొంతులకు పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు మొదలుపెట్టింది. డాల్వా భుజాన వేసుకుని వీపు తట్టింది. తడుతూ, తనకు తెలిసిన ఆ ఒక్క జోలే అందుకుంది. రెండు మెట్లు దిగి, ఆగి, ఒకటి ఎక్కి. మొదట ముగ్గురికీ పక్కగా నడిచింది. తర్వాత వాళ్ళ అడుగులో అడుగు పడింది. ఉండాల్సిన చోటు కంటే ఎంతో పైన ఉంది. అయినా నిలబడింది. ఆలోయిస్ గొంతు వణికి, మళ్ళీ స్థిరపడింది. బాల్డుయిన్ సిలువ వైపే చూస్తూ ఉన్నాడు. ముక్కు తుడుచుకోలేదు, కళ్ళూ తుడుచుకోలేదు. ఏడవడం తన వంతు కాబట్టి, ఏడ్చాడు.

పాట అయిపోయింది. పాప నిద్రపోయింది.

"ఆ ఇంటి మనిషి పాడకూడదు," అన్నాడు హామెస్ తమ్ముడు, మెల్లగానే. "అందులోనూ ఆడమనిషి."

"ఆ పిల్ల పాడలేదు," అంది అపలోనియా. "బిడ్డను జోకొట్టింది. పెట్టె ఎత్తండి."

పై వరసలో గోతి చుట్టూ నిలబడినప్పుడు మళ్ళీ అదే చిక్కు. చెయ్యెత్తేవాడు లేడు. బాల్డుయిన్ ఎడమ కొసన తన పాత చోటికి వెళ్ళి నిలబడ్డాడు. పెట్టె వైపు చూశాడు. కుడి చెయ్యి పైకెత్తాడు. ఎత్తితే ఇలా దించాలని పెట్టెలో ఉన్నవాడికి చూపించాలనుకున్నాడో ఏమో, కాసేపు అలాగే ఉంచాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. చెయ్యి దించాడు, నోరు తెరిచాడు.

ఎనిమిదేళ్ళుగా మూసి ఉన్న గొంతు కాదది. రోజూ కాగు ముందు నలిగిన గొంతు. నేలలా పరుచుకుంది.

క్షమించాడా అంటే, లేదు. మట్టి వేశాక అపలోనియా చెయ్యి పట్టుకోబోతే టోపీ పెట్టుకోవడంలో పడ్డట్టు నటించాడు. కానీ వచ్చే ఆదివారం పాకం ఒక డబ్బా పంపిస్తానని, అడుగంటింది కాబట్టి కొంచెం మాడు రుచి ఉంటుందని చెప్పాడు.

ఇంటి దారిలో డాల్వా ముందు నడుస్తోంది. పాప తల ఆమె భుజం మీద ఊగుతోంది.

"మూడో చోట సాగదీశావు," అన్నాడు వెనక నుంచి. "అక్కడ అంతసేపు ఆగకూడదు."

"మీరు అక్కడ గరిట చేయి మార్చుకుంటారు మామయ్యా. అందుకే ఆగుతుందనుకున్నా."

బాల్డుయిన్‌కు కోపం రాబోయి ఆగింది. కొంతదూరం నడిచాక, దానికి మాటలు కూడా ఉంటాయా అని ఆమె అడిగింది. ఉంటాయన్నాడు. అర్థం ఏంటని అడిగింది.

"ముందు పొయ్యి రాజెయ్యి," అన్నాడు. "సగం చెరకు రసం అలాగే ఉంది. తిప్పుతూ చెప్తా."